ఒక్క నిఘంటువు మూడైన తీరు

సారు మొదటిసారి మా ఆఫీసుకు వచ్చిన రోజు నేను ఇళ్ల దరఖాస్తుల లిస్టు కొడుతున్నాను. మాది మధిర. భద్రాచలంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. ఏటా కాంట్రాక్టు పొడిగిస్తూ పోయారు, నేనూ ఇక్కడే ఉండిపోయాను. ఆయన చర్ల దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరి బడిలో టీచరు. కోయ మనిషి. ఏదో సంతకం కోసం వచ్చి, ఆ పని అయ్యాక కూడా పోకుండా నా టేబుల్ దగ్గర నిలబడ్డారు. చంకలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన పొడుగాటి నోటుబుక్కు.

"మేడం, ఇది టైపు చేసి పెడ్తరా? ఆఫీసు పని గాదు, నా సొంత పని."

"ఏంటండీ ఇది?"

"మా మాటలు. కోయ మాటలు. ఎదురుంగ తెలుగు రాసిన."

ఒకటో తరగతిలో ఒక పాప గురించి చెప్పారు. వాచకంలో ఏరు బొమ్మ తెరిచి ఏరు ఎక్కడుందని అడిగితే, ఆ పాప లేచి వెళ్లి మంచినీళ్ల బిందె మీద చెయ్యి పెట్టిందట. కోయలో ఏరు అంటే నీళ్లు. ఆ పాప తప్పేమీ చెప్పలేదు. ఆ రోజు తనిఖీకి వచ్చినాయన మాత్రం ఈ బడి పిల్లలకు ఏమీ రాదని రాసుకుని పోయాడు. సారు ఆ సాయంత్రమే నోటుబుక్కు కొన్నారు.

భోజనాల టైములో రోజుకు ఒకటి రెండు పేజీలు కొట్టేదాన్ని. ఎలా పలకాలో తెలియని మాటలుంటే ఆయనకు ఫోన్ చేసేదాన్ని. కొన్ని మాటల మధ్యలో ఆయన గొంతు ఒక్క క్షణం ఆగేది. ఆగి, మళ్లీ మాట సాగేది. ఆ ఆగడానికి తెలుగులో అక్షరం లేదు. నోటుబుక్కులో ఆయన దాని కోసం పైన ఒక చిన్న గీత గీసుకున్నారు. కీబోర్డు మీద ఏం పెట్టాలో తోచక, తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ల గ్రూపు ఒకటి ఫోనులో ఉంటే అందులో అడిగాను. పది నిమిషాల్లో ఒకతను జవాబిచ్చాడు. "అక్కా, మీది భద్రాచలమా? నాది కొత్తగూడెం."

అతనికి నాకంటే పదేళ్లు తక్కువ ఉంటాయి. తండ్రి బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చి, అక్కడి నుంచే పని చేసుకుంటున్నాడు. నేను అతన్ని తమ్ముడూ అనే పిలిచాను, ఇప్పటికీ అంతే. ఆ ఆదివారమే బండి మీద వచ్చాడు. బస్టాండు దగ్గర హోటల్లో ముగ్గురం కూర్చున్నాం. లాప్‌టాప్ తెరిచి, ఈ మాటలన్నీ పెట్టి ఫోనులో వెతుక్కునే నిఘంటువు చేద్దామన్నాడు. సారుకు అర్థం కావాలని చాలా నిదానంగా చెప్పాడు.

"ఇది ఎవ్వరి సొంతం గాదు సార్, అందరిది. ఎవరన్న లోపల జూడొచ్చు, మార్చొచ్చు, ఇంకొకరికి ఇయ్యొచ్చు. మన తీరు నచ్చకుంటె కాపీ తీస్కపోయి వాళ్ల తీరుగ చేస్కోవచ్చు. మన పర్మిషన్ గూడ అక్కర్లే."

సారు కాసేపు ఆలోచించి, "అడివి గట్లనే ఉండె ఒకప్పుడు," అన్నారు.

తమ్ముడు ఆ మాటకు ఎంత సంతోషపడ్డాడో. తర్వాత ఎన్నోసార్లు గ్రూపులో ఆ మాట చెప్పుకున్నాడు.

మొదటి ఏడాది బాగా సాగింది. అది ఒప్పుకోవాలి. ఇప్పపువ్వు ఏరే రోజుల్లో సారు వాళ్ల ఊరు వెళ్లాం. సారు పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ గొంతు రికార్డు చేయడానికి. చర్ల దాకా బస్సులో, అక్కడి నుంచి సారు బండి మీద నేను, తన బండి మీద తమ్ముడు. ఆ అవ్వ వాకిట్లో బొంత పరిచి, ఎండిన పువ్వులో దుమ్మూ పుల్లలూ ఏరుతోంది. మేము వచ్చామని చేతులు ఆపలేదు. బోర్లించిన గంప మీద ఫోను పెట్టి, తమ్ముడు ఒక్కో తెలుగు మాట అడుగుతుంటే, సారు కోయలో అడిగేవారు. అవ్వ మాత్రం ఒట్టి మాట పలకనంది. నిప్పు అంటే, తన చిన్నప్పుడు వాళ్ల గుడిసె ఎలా కాలిందో చెప్పింది. మేక అంటే, ఒక మేక పేరు చెప్పి, అది ఎవరింట్లో దూరిందో చెప్పి నవ్వింది. మధ్యలో కోళ్లు, గాలి, పక్కింట్లో ఎవరో దంచుతున్న చప్పుడు. అన్నీ అలాగే రికార్డయ్యాయి.

అన్నీ అయ్యాక నేను సారుతో అన్నాను, ఆవిడకు సంగతి చెప్పమని. ఈ గొంతు అందరి ఫోన్లలోకీ వెళ్తుంది, ఎవరైనా వింటారు, ఎవరైనా తీసుకుంటారు, తర్వాత వద్దంటే వెనక్కి రాదు అని. సారు చెప్పారు. ఆవిడ చేతిలో పువ్వు చూసుకుంటూనే ఏదో అంది. సారు నవ్వారు.

"మా ఇంటి ముందటికెళ్లి పోయేటోళ్లు గూడ వింటనే ఉన్నరు గద, అంటంది."

గొడవ ఆ చిన్న గీత దగ్గర మొదలైంది. అంత చిన్న విషయం అంత దూరం పోతుందని ముందు నాకు తోచలేదు. నిఘంటువు ఫోన్లో నడవడం మొదలయ్యాక, నోటుబుక్కులో లాగే గీత పెట్టి కొట్టిన మాటలు వెతికితే దొరకడం లేదు. తమ్ముడు దానికి ఒక ఉపాయం చూసుకున్నాడు. గీతకు బదులు విసర్గ, తెలుగులో రెండు సున్నాలు పెట్టే ఆ గుర్తు. అదే హోటల్లో, అదే బల్ల దగ్గర చెప్పాడు.

"గీత పెడ్తె ఫోను ఆడికి మాట అయిపోయిందనుకుంటది సార్. విసర్గ అన్ని ఫోన్లల్ల ఉంటది. ఏ కిరికిరి ఉండది."

"విసర్గ జూస్తె పిల్లలు హ అని చదువుతరు. మా మాటల ఆడ హ లేదు," అన్నారు సారు.

"నేర్పిస్తె నేర్చుకుంటరు గద సార్."

"ఇప్పటిదాంక మాకు అందరు గదే చెప్పిండ్రు. నేర్పిస్తె నేర్చుకుంటరని."

తమ్ముడి ముఖం ఎర్రబడింది. తను ఆ అర్థంలో అనలేదు. సారుకు కూడా ఆ సంగతి తెలుసు. నేను ఇంకో మూడు టీలు చెప్పాను. ఇద్దరి మాటా నిజమే. గీత పెడితే యంత్రానికి కష్టం, విసర్గ పెడితే పిల్లలకు కష్టం. ఎవరో ఒకరు కొంచెం తగ్గితే పోతుందనుకున్నాను. కానీ ఎవరు తగ్గాలో చెప్పేవాళ్లు మాలో లేరు. ఆఫీసులో అయితే పైన ఒక అధికారి ఉంటాడు. తప్పో ఒప్పో ఒకటి చెప్తాడు, మేం గొణుక్కుంటూ చేస్తాం. ఇక్కడ అందరం ఇష్టంతో వచ్చినవాళ్లం. ఇష్టంతో వచ్చినవాణ్ని ఏమని ఆపుతాం?

ఆ మాట గ్రూపులోకి వెళ్లింది. నెలలు నడిచింది. ఏటి అవతలి నుంచి ఒకరు, పక్క రాష్ట్రం నుంచి ఇద్దరు, హైదరాబాదు నుంచి ఎవరో భాష చదువుకున్నాయన, అందరూ వచ్చి చేరారు. ఒక్క మాటైనా టైపు చేసినవాళ్లు లేరు, అభిప్రాయం లేనివాళ్లూ లేరు. అసలు తెలుగు లిపే వద్దని ఒకరన్నారు. మా ఊళ్లో ఈ మాట ఇలా అనరు, ఇది తప్పు అని ఇంకొకరు. తప్పు అనకండి, మీ ఊరి మాట కూడా పక్కన పెడదాం అని నేను రాస్తే దానికి ఎవరూ జవాబివ్వలేదు. సారు రాయడం తగ్గించారు. తమ్ముడు పొడుగు పొడుగు వివరణలు రాసేవాడు. మర్యాదగానే ఉండేవి. చదవబుద్ధి అయ్యేది కాదు.

ఒక మంగళవారం అతని మెసేజ్ వచ్చింది. "నేను కాపీ తీసుకుని వేరే పేరుతో నడిపిస్తున్నాను. ఎవరి మీదా కోపం లేదు. ఇప్పటిదాకా కలిసి పనిచేసినందుకు అందరికీ థాంక్స్."

అప్పుడు నా ముందు ఒకావిడ జిరాక్సు కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. కాగితాలు తీసుకున్నాను. నంబరు కొట్టాను. వేలిముద్ర మిషను తుడిచి, మళ్లీ పెట్టమన్నాను, పడలేదు, ఇంకో వేలు పెట్టమన్నాను. ఆవిడ వెళ్లాక టిఫిన్ బాక్సు కడుక్కొచ్చాను. ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు.

ఇలాంటి పనులు ఎందుకు విడిపోతాయని మా తోటి ఆపరేటర్ ఒకసారి అడిగింది. అందరూ చేసేది ఒకటే పని అయినప్పుడు కలిసి చేసుకోవచ్చు కదా అని. నాకు తెలిసినంత చెప్పాను. అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే గోడ కట్టాలి, సగం పోతుంది, అందుకే పదేళ్లు ఆలోచిస్తారు. ఇక్కడ ఒక్క బటన్ నొక్కితే ఇల్లంతా నీకూ వస్తుంది, వాళ్లకూ ఉంటుంది. ఆ రోజు ఎవరికీ ఏమీ పోదు. వెళ్లిపోవడం అంత తేలిక అయినప్పుడు, కూర్చుని గొడవ పడేంత ఓపిక ఎవరికుంటుంది? ఇంకోటి కూడా ఉంది, అది ఆమెకు చెప్పలేదు. కొత్తది మొదలుపెట్టడంలో సంతోషం ఉంటుంది. పక్కవాడి దాంట్లో తప్పులు సరిచేస్తూ కూర్చోవడంలో ఉండదు. ఆ సంతోషం నేను కూడా చూశాను.

దుమ్ముగూడెం వైపు ఒక అంగన్‌వాడీ టీచరు మా ఆఫీసుకు వస్తుండేది. ఆమెకు కోయ రాదు. జ్వరం, వాంతులు, పాలు, నొప్పి, ఎన్నో నెల, ఇలాంటి మాటలు మాత్రం ఒక చిన్న లిస్టుగా ఫోన్లో కావాలంది. తమ్ముణ్ని అడిగితే, "వచ్చే వెర్షన్ల జూద్దాం అక్కా," అన్నాడు. సారును అడిగితే, "ముందుగాల స్పెల్లింగులు తేలనియ్యండి మేడం," అన్నారు. నేను కాపీ తీసుకుని, అక్కర్లేని మాటలు తీసేసి, గీతా విసర్గా రెండూ లేకుండా ఆమెకు చదవడానికి వీలుగా రాసి ఇచ్చాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆ రెండు మధ్యాహ్నాలూ ఆకలి కూడా తెలియలేదు. నేను విడిపోయానని అప్పుడు నాకు అనిపించలేదు. నాలుగు రోజులకు సారు ఫోన్ చేశారు.

"మీరు గూడనా మేడం?"

"లేదండీ, ఊరికే అంగన్‌వాడీ వాళ్ల కోసం..."

"అవ్, సరే," అన్నారు. పెట్టేశారు.

గీతతో సారు దగ్గర మిగిలిన మొదటిది, విసర్గతో తమ్ముడిది, రెండూ లేకుండా నాది. అలా మూడయ్యాయి.

ఆ వానాకాలం గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. బస్సులు ఆపేశారు. ముంపు ఊళ్లవాళ్లను తెచ్చి ఒక కాలేజీలో ఉంచారు. నాకు అక్కడ లిస్టు డ్యూటీ వేశారు. కుటుంబం, ఊరు, ఎంతమంది, ముసలివాళ్లెందరు, గర్భిణులెవరు. రెండో రోజు పొద్దున ఒక తాత కడుపు పట్టుకుని వచ్చి క్యాంపు నర్సు ముందు కూర్చున్నాడు. కోయ తప్ప ఏమీ రాదు. నర్సు ఫోన్లో తమ్ముడి యాప్ ఉంది. పక్కనే ఉన్న అంగన్‌వాడీ టీచరు ఫోన్లో నాది. తాత చెప్పిన మాట ఇద్దరూ విన్నట్టు కొడితే రెండింట్లోనూ దొరకలేదు. తమ్ముడిదాంట్లో విసర్గతో ఉందట, నాదాంట్లో ఆ మాట నేనే తీసేశాను. సారు దాంట్లో ఉంది, అది ఎవరి దగ్గరా లేదు. అంతలో పక్క గదిలోంచి రెండు భాషలూ వచ్చిన ఒకావిడ బిడ్డను ఎత్తుకుని వచ్చి, నిలబడే చెప్పింది. రెండు రోజుల నుంచి ఒంటికి పోవడం ఆగిందట. గొట్టం వేయాలని నర్సు తాతను జీపులో దవాఖానాకు పంపింది. సాయంత్రానికి తిరిగొచ్చి అన్నం తిన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

అంగన్‌వాడీ టీచరు నా దగ్గరకొచ్చింది. "మేడం, ఇవి మూడు ఉన్నయేంది? గిండ్ల అసలుది ఏది?"

"ఏదైనా ఒకటేనమ్మా."

"ఒకటే అయితె మూడెందుకు?"

వరుసలో తర్వాతి కుటుంబం వాళ్లు ముందుకు వచ్చారు. ఊరి పేరు అడిగాను. టీచరు ఒక నిమిషం నిలబడి వెళ్లిపోయింది.

ఆ చలికాలం సారు పెద్దమ్మ పోయింది. నాకు తర్వాత తెలిసింది. ఒక నెల గడిచాక సారు ఫోన్ చేశారు. గొంతు మామూలుగానే ఉంది. అవ్వ కూతురు ఏదో పనికి వేరే ఊరు పోతే, అక్కడ ఎవరి ఫోన్లోనో అవ్వ గొంతు వినిపించిందట. ఎవరో ఒకే మాటను మళ్లీ మళ్లీ నొక్కుతూ నవ్వుకుంటున్నారట. ఆమె వచ్చిన పని వదిలేసి తిరిగొచ్చేసిందట.

"ఆ తమ్మునికి చెప్పుండ్రి మేడం, మా పెద్దమ్మ గొంతు తీసెయ్యమని. నేను చెప్తె బాగుండది."

తమ్ముడికి చెప్పాను.

"అక్కా, ఆమెకు చెప్పే గద రికార్డు చేసినం. మీరే గద చెప్పిచ్చిండ్రు. ఒకరు అడిగిండ్రని తీసేస్తె, రేపు ఇంకొకరు అడుగుతరు. ఇగ ఏం మిగుల్తది? అయినా నాదాంట్ల తీసేస్తె కాపీలు ఆగుతయా?"

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మీ దాంట్ల తీసేసిండ్రా అక్కా?"

నా దాంట్లో కూడా ఆవిడ గొంతు ఉంది. పాలు, నొప్పి, బిడ్డ. ఆ సంగతే నాకు గుర్తుకు రాలేదు. సారు కూడా నన్ను అడగలేదు. మరిచిపోయి అడగలేదో, గుర్తుండే అడగలేదో తెలియదు.

ఫోన్లలో తేలేది కాదని ఇద్దరినీ కూర్చోబెట్టాను. కొత్తగూడెంలో తమ్ముడి ఇంట్లో, గని కార్మికుల క్వార్టర్సులో. సారు రెండు బస్సులు మారి వచ్చారు. వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చోవడం రెండేళ్ల తర్వాత అదే. తమ్ముడి తల్లి అందరికీ అన్నం పెట్టి, సారుకు రెండోసారి పప్పు వేస్తూ, "మీ గురించి మస్తు చెప్తడు సారూ మావోడు," అంది. సారు తల దించుకుని తిన్నారు.

తిన్నాక తమ్ముడు లాప్‌టాప్ తెచ్చి అవ్వ గొంతు వినిపించాడు. చాలా కష్టపడ్డాడు దాని మీద. కోళ్లు లేవు, గాలి లేదు, దంచే చప్పుడు లేదు. కథలన్నీ తీసేసి ఒక్కో మాట విడిగా కత్తిరించాడు. నిప్పు. మేక. చెట్టు. శుభ్రంగా, ఒకదాని తర్వాత ఒకటి. సారు పది పన్నెండు మాటలు విన్నారు.

"గిట్ల ఎన్నడు మాట్లాడలె మా పెద్దమ్మ," అన్నారు.

"నిఘంటువుకు మాటొక్కటి ఉంటె చాలని చేసిన సార్," అన్నాడు తమ్ముడు. "కథలు గూడ ఉన్నయి నా దగ్గర. ఏది పారెయ్యలె."

బయట ఎవరో స్కూటర్ స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. చివరికి సారు, "ఉండనీ తియ్. తీసెయ్యకు. కూతురికి నేను చెప్పుకుంట," అన్నారు.

ఆ తర్వాత అన్నీ తేలికగా తేలిపోయాయి. గీత కొట్టినా విసర్గ కొట్టినా ఒకే మాట దొరికేలా చేయొచ్చని, నాలుగు రోజుల పని అని తమ్ముడు చెప్పాడు. అదంత తేలికైతే అప్పుడే ఎందుకు చేయలేదని నేనూ అడగలేదు, సారూ అడగలేదు. మూడూ కలిపేద్దాం అనుకున్నాం. నా లిస్టు అందులో ఒక భాగంగా ఉంటుంది. ఊళ్లవారీగా తేడాలు సారు రాసిస్తారు. అవ్వ చెప్పిన కథలు మాట పక్కనే మొత్తం వినిపించాలి. తమ్ముడు ఒక కాగితం మీద అంతా రాసుకున్నాడు. బస్టాండు దాకా వచ్చి సారు చెయ్యి పట్టుకున్నాడు. తిరుగు బస్సులో సారు కిటికీ పక్కన కూర్చుని పాల్వంచ రాకముందే నిద్రపోయారు.

కలపలేదు. ఎవరూ వద్దనలేదు. తమ్ముడికి కంపెనీలో కొత్త ప్రాజెక్టు వేశారు, కాస్త తీరిక దొరకనీ అక్కా అన్నాడు. సారు ఊళ్లవారీగా రాయడం మొదలుపెట్టారు, ఇంకో ఊరి బడికి బదిలీ అయింది. నాకు ఓటర్ల లిస్టు పని వచ్చింది. ముగ్గురం ఒకరికొకరం ఎదురుచూసుకున్నాం. మొదటి ఫోన్ ఎవరు చేయాలో తేలలేదు. నెల గడిచాక చేయడం కష్టమైంది, ఆరు నెలలు గడిచాక చేయక్కర్లేదనిపించింది. ఒకసారి నేనే కూర్చుని కలపబోయాను. మూడింట్లో ఒకే మాట మూడు రకాలుగా ఉంది. ఏది ఉంచాలో, ఏది తీయాలో నేనొక్కదాన్నే ఎలా చెప్పను? మూసేశాను.

తమ్ముడి యాప్ ఇప్పుడు కొత్త ఫోన్లలో తెరుచుకోదు. సారు తన దాన్ని ఫోన్లో నడిపేవాళ్లు లేక, ప్రింటు తీయించి బడిలో పెట్టుకున్నారు. నాది ఇంకా నడుస్తోంది. కొందరు అంగన్‌వాడీ టీచర్లు వాడుతున్నారు. ఎప్పుడైనా తప్పు చెప్తే దిద్దుతాను. ఈ మధ్య పక్క రాష్ట్రం వైపు నుంచి ఒకాయన మెసేజ్ చేశాడు. కోయ నిఘంటువు ఒకటి కొత్తగా మొదలుపెడుతున్నాం, మీ ఫైళ్లు వాడుకోవచ్చా అని. ఇప్పటికే మూడు ఉన్నాయండీ అని రాశాను. చూశాం మేడం, మాది వేరే తీరుగా ఉంటుంది అన్నాడు. మూడింటి ఫైళ్లూ ఒక్కచోట పెట్టి పంపాను. ఆ రోజు తమ్ముడు నాకూ ఇచ్చిన అవ్వ కథలు కూడా. బాగుందనీ అనిపించలేదు, బాధా కలగలేదు. ఫైళ్లు వెళ్లాయా లేదా అని మాత్రం చూసుకున్నాను.

పోయిన వారం సారు ఆఫీసుకు వచ్చారు. రిటైర్మెంటు కాగితాల్లో పుట్టిన తేదీ ఏదో తప్పు పడిందట, దాని కోసం. జుట్టు బాగా నెరిసింది. పని అయ్యాక ఎదురు హోటల్లో టీ తాగాం. మనుమరాలు నర్సింగులో చేరిందని చెప్పారు. కొత్త బడి దగ్గర ఫోన్ సిగ్నల్ ఉండదని, గుట్ట ఎక్కాలని చెప్పారు. నిఘంటువు మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తకూడదని కాదు. ఇద్దరికీ గుర్తుంది, అంతే.

"చర్ల బస్సు నాలుగింటికేనా ఇప్పుడు గూడ?" అని అడిగారు.

"నాలుగున్నరకు మార్చారండీ."

"అవునా," అని గ్లాసు బల్ల మీద పెట్టి, కాగితాలు కవరులో సర్దుకున్నారు.